కాపలా కన్నుకు తాళం

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు అన్న సామెత మా ఒంటిమిట్ట వసతిగృహానికి అతికినట్లు సరిపోతుంది. మూడేళ్ళ క్రితం పదో తరగతి పరీక్షల రోజుల్లో ఒక తమ్ముడి ట్రంకుపెట్టె తాళం ఎవరో పగలగొట్టారు. వాళ్ళమ్మ కూలిడబ్బుల్లోంచి దాచి పంపిన పన్నెండు వందల రూపాయలు పోయాయి. ఆ ఏడు కోదండరామస్వామి బ్రహ్మోత్సవాలు కూడా అదే సమయానికి వచ్చాయి. 2015 నుండి రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఇక్కడ జరుగుతున్న కల్యాణానికి ఎంత జనం వస్తారో మనందరికీ తెలిసిన సంగతే. మా వెనకగోడ ఒకచోట కూలి ఉండేది. బయటివాళ్ళు ఎవరైనా లోపలికి రావచ్చు, పోవచ్చు. కానీ అనుమానం మాత్రం ఆ ట్రంకుపెట్టె పక్కన పడుకునే అబ్బాయి మీదికి పోయింది. ఎవరూ వాడిని కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడటం మానేశారు. నాలుగోనాడు వాడు తన పెట్టె నెత్తిన పెట్టుకొని బస్టాండుకు నడిచిపోయాడు. మిగిలిన పరీక్షలు ఇంటి దగ్గర నుండి వచ్చి రాశాడు. డబ్బు తీసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు.

కిందటి వార్షికోత్సవంలో పూర్వ విద్యార్థులమంతా కలిసినప్పుడు ఈ మాటే వచ్చింది. తలా కొంత వేసుకొని, వార్డెన్ సారు ద్వారా అనుమతి తీసుకొని, నాలుగు కెమెరాలు పెట్టించాం. పెట్టించడం ఒక పూట పని. అది సరిగ్గా పెట్టలేదని తెలుసుకొని మళ్ళీ మొదటి నుండి పెట్టడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఇతర వసతిగృహాల సోదరులు ఆ మూడు నెలలు వృథా చేసుకోకూడదని ఈ వ్యాసం రాస్తున్నాం. మాలో ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒకరు కంప్యూటరు ఆపరేటరు, ఒకరు కువైట్‌లో పనిచేస్తున్నారు. పెద్ద నిపుణులం ఎవరం కాదు.

ముందుగా వస్తువు గురించి. పాత రకం కెమెరా బొమ్మను లావుపాటి తీగ ద్వారా ఒక పెట్టెకు పంపేది, అంతే. ఇప్పటి నెట్‌వర్క్ కెమెరా అలాంటిది కాదు. అది కన్ను ఉన్న ఒక చిన్న కంప్యూటరు. దానికి సొంత చిరునామా ఉంటుంది, పేరు ఉంటుంది, పాస్‌వర్డ్ ఉంటుంది. దాని మేలు, కీడు రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒకే నెట్‌వర్క్ తీగలో బొమ్మా పోతుంది, కరెంటూ వస్తుంది. గేటు దగ్గర వేరే ప్లగ్గు అక్కరలేదు. ఈ తీగ నూరు మీటర్లకు మించకూడదు. మా గేటు నుండి వార్డెన్ గదికి అరవై రెండు మీటర్లే కనుక సరిపోయింది. తీగ కొనేటప్పుడు మాత్రం అచ్చమైన రాగిదేనా అని అడగండి. అల్యూమినియం మీద రాగిపూత పూసిన తీగలు సగం ధరకు వస్తాయి. దూరం పెరిగే కొద్దీ వాటిలో కరెంటు చాలక, రాత్రి లైట్లు వెలగగానే కెమెరా ఆగిపోతుంది. మేము మొదట కొన్నది అదే.

బిగించేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గోడకు రంధ్రం లోపలి వైపు ఎత్తుగా, బయటి వైపు వాలుగా వేయాలి. తీగ రంధ్రంలోకి వెళ్ళే ముందు కిందికి కొంచెం వేలాడేలా వదలాలి. అప్పుడు వాననీరు తీగ వెంట లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఆరుబయట పెట్టే కెమెరా మీద ఐపీ 66 గానీ 67 గానీ అని ఉండాలి. దుమ్ము చొరదు, నీళ్ళు చిమ్మినా ఏమీ కాదు అని దాని అర్థం. కరెంటు తీగలున్న పైపులోనే ఈ తీగనూ దూర్చకండి. సున్నం కొట్టిన గోడకు మరీ దగ్గరగా కెమెరా పెడితే రాత్రి దాని వెలుతురు గోడకు కొట్టి బొమ్మంతా తెల్లబోతుంది. సాలెగూడు పట్టినా అంతే. నెలకొకసారి చీపురుకట్ట చూపించాలి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు.

ఎత్తు గురించి మాలో మాకే వాదన జరిగింది. ఎంత ఎత్తున పెడితే అంత మంచిదని కొందరన్నారు. "అంత పైన పెడితే నెత్తులు కనపడతాయన్నా, మొగాలు యాడ కనపడతాయి?" అని ఒక తమ్ముడు అడిగాడు. వాడి మాటే నిజమైంది. తొమ్మిది పది అడుగుల ఎత్తు చాలు. చెయ్యి అందకూడదు, ముఖం తెలియాలి. ఆ మాట అన్నవాడు ఎవరో కాదు, ఆనాడు పెట్టె నెత్తిన పెట్టుకొని వెళ్ళిపోయిన అబ్బాయే. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు. పిలిస్తే వస్తాడో రాడో అనుకున్నాం. వచ్చాడు. గేటు కెమెరా వాడే బిగించాడు. పాత మాట మేమూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

ఇక రికార్డు చేసే పెట్టె. ఎన్‌వీఆర్ అంటారు. అందులో ఎంత పెద్ద హార్డ్‌డిస్క్ ఉండాలో అంగడి వాళ్ళు చెప్పింది నమ్మనక్కరలేదు, మనమే లెక్క వేసుకోవచ్చు. ఒక కెమెరా సెకనుకు రెండు మెగాబిట్లు పంపితే రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ, ముప్ఫై రోజులకు దాదాపు 2.6 టీబీ. కాబట్టి 4 టీబీ డిస్క్ ధారాళంగా సరిపోతుంది. ముప్ఫై రోజులే ఎందుకంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం జనం ఎక్కువగా గుమికూడే సంస్థలు కెమెరాలు పెట్టాలని, దృశ్యాలను ముప్ఫై రోజులు భద్రపరచాలని చెప్పింది. మేమూ అదే కొలత పెట్టుకున్నాం. పెట్టెను వార్డెన్ గదిలో బీరువా పక్కన, గాలి తగిలేచోట పెట్టి, చిన్న యూపీఎస్ తగిలించాం. మన కడప ఎండలకు మూసిన అలమరలో పెడితే ఆ డిస్క్ ఎక్కువకాలం బతకదు.

కెమెరాలు బిగించి వెళ్ళిన మెకానిక్ చాలా చురుకైనవాడు. "ఫోన్లో ఎక్కడినుంచైనా చూసుకోవచ్చు సార్" అని యాప్ కూడా పెట్టి ఇచ్చాడు. మాకందరికీ ముచ్చటేసింది. పెట్టె ఫోటో తీసి కువైట్‌లో ఉన్న మా మిత్రుడికి పంపాం. అరగంటలో వాడు ఫోన్ చేశాడు. "మీ గేటు ముందర ఎర్ర చొక్కా ఆయన ఎవురప్పా?" అన్నాడు. మేము వాడికి పాస్‌వర్డ్ చెప్పనే లేదు! ఫోటోలో పెట్టె మీది సీరియల్ నంబరు కనిపించింది. దాన్ని యాప్‌లో కొట్టి, పేరు దగ్గర అడ్మిన్ అని పెట్టి, అందరికీ తోచే పాస్‌వర్డ్‌లు వరుసగా ప్రయత్నించాడట. మూడోది తెరుచుకుంది. మెకానిక్‌ను అడిగితే, మర్చిపోకుండా ఉండటానికి తాను పెట్టే ప్రతిచోటా అదే పెడతానన్నాడు. అంటే ఆయన కెమెరా పెట్టిన ప్రతి ఇంటికీ, ప్రతి అంగడికీ ఒకటే తాళంచెవి.

ఇది నవ్వుకొని వదిలేసే విషయం కాదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోని దృశ్యాలు, వైద్యం చేయించుకుంటున్న స్త్రీలవి, ఇంటర్నెట్‌లో అమ్మకానికి కనిపించాయి. అక్కడా దారి ఇచ్చింది మార్చకుండా వదిలేసిన సులువైన పాస్‌వర్డే అని పత్రికలు రాశాయి. అంతకు ముందు 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం ప్రపంచమంతటా ఇలాంటి కెమెరాలను వేల సంఖ్యలో వశం చేసుకుంది. అది చేసిందల్లా, ఫ్యాక్టరీలో పెట్టే అరవై పైచిలుకు పేర్లు, పాస్‌వర్డ్‌ల జతలను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించడమే. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ కెమెరాలన్నీ ఒక్కసారిగా ఒక కంపెనీ మీద పడేసరికి అమెరికాలో ట్విట్టర్ వంటి పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ ప్రోగ్రాం రాసిన ముగ్గురూ కాలేజీ ఈడు కుర్రవాళ్ళు. మన దేశంలో 2025 ఏప్రిల్ నుండి భద్రతా పరీక్షలు నెగ్గిన కెమెరాలనే తయారుచేయాలి, దిగుమతి చేయాలి, అమ్మాలి అన్న నిబంధన అమలులోకి వచ్చింది. మంచిదే. కానీ గట్టి తలుపు చేసి ఇచ్చినా తాళం వేయవలసింది మనమే కదా.

అందుకని మళ్ళీ మొదలుపెట్టాం. ముందు పాస్‌వర్డ్. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు తీసుకొని, ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో అంకెలు పెట్టాం. వసతిగృహం పేరు గానీ, సంవత్సరం గానీ, వార్డెన్ సారు ఫోన్ నంబరు గానీ అందులో లేవు. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించి బీరువాలో ఉంచాం. గోడ మీద అతికించడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. రోజూ చూడటానికి వేరే పేరుతో ఒక ఖాతా చేశాం. దానితో చూడవచ్చు గానీ దేన్నీ మార్చలేరు, చెరపలేరు. తర్వాత కంపెనీ వారి సైటు నుండి కొత్త ఫర్మ్‌వేర్ తెచ్చి ఎక్కించాం. పాత లోపాలకు వాళ్ళు వేసే మాసికలు అందులోనే వస్తాయి. ఆ తర్వాత బయటి నుండి చూసే సౌకర్యాన్ని పూర్తిగా ఆపేశాం. దీని మీద మాలో కొందరికి ఇంకా కినుకగానే ఉంది. ఇంటి నుండి చూసుకోవచ్చు కదా అంటారు. అయితే మా పిల్లలను రాత్రి పదకొండు గంటలకు బెంగళూరు నుండి, కువైట్ నుండి చూడవలసిన అవసరం ఎవరికి ఉంది? వాచ్‌మన్ ఉన్నాడు, వార్డెన్ ఉన్నారు. మా కెమెరాలు ఇప్పుడు ఆ పెట్టెకు మాత్రమే కలిసి ఉన్నాయి. పెట్టెకు ఇంటర్నెట్ తీగ లేదు. బయటి నుండి చూసి తీరాలనుకునేవారు రౌటరులో ద్వారాలు తెరవకుండా, యూపీఎన్‌పీ అనే సౌకర్యాన్ని ఆపి, వీపీఎన్ ద్వారా మాత్రమే చూసే ఏర్పాటు తెలిసినవారి చేత చేయించుకోవాలి.

ఎక్కడ పెట్టాలి అన్నదానికన్నా ఎక్కడ పెట్టకూడదు అన్నది పెద్ద మాట. గేటు, వరండా, స్టోరు గది తలుపు, వెనకగోడ, ఇవి నాలుగే మా కెమెరాల చోట్లు. పడుకునే గదుల్లో లేవు. మొదట మెకానిక్ వెనకగోడకు పెట్టిన కెమెరాలో నీళ్ళతొట్టి కూడా కనిపించేది. పిల్లలు పొద్దున్నే స్నానాలు చేసేది అక్కడే. "ఆ భాగం నల్లగా కనపడేట్టు మూసేస్తా" అన్నాడాయన. అలా మూసే సౌకర్యం ఉంది నిజమే. కానీ మూసినవాడే తెరవగలడు. మేము ఒప్పుకోక కెమెరానే తిప్పించి గోడ అవతలి మూలకు మార్చాం. గోడలో నాలుగు గజాలు కనపడకుండా పోయింది. పోనీ అనుకొని కూలిన గోడ కట్టించాం. ఒకరి ఒంటిని వారి ఇష్టం లేకుండా చిత్రించి పంచితే ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉంటాయి. అది మగపిల్లలైనా ఆడపిల్లలైనా ఒకటే. గేటుకు "ఈ ప్రాంగణంలో కెమెరాలు ఉన్నవి" అని బోర్డు రాయించాం. రికార్డు ఎవరు చూసినా తేదీ, సమయం, కారణం రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. చూసేటప్పుడు వార్డెన్‌తో పాటు ఒక విద్యార్థి ప్రతినిధి ఉండాలి.

ఇన్ని చేసీ ఒకటి మరిచాం. దసరా సెలవుల ముందు ఒక సైకిలు కనబడలేదు. రికార్డు తీసి చూస్తే రాత్రి 9.40కి తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు దాన్ని గేటు బయటికి తోసుకుపోతున్నాడు. ఆ వేళకు గేటు తాళం వేసి ఉండాలి. ఇంకేముంది, నలుగురూ గుసగుసలు మొదలుపెట్టారు. వాడు నోరు తెరిచేలోపలే తీర్పు అయిపోయేట్టుంది. అప్పుడు వంటమనిషి తెర వంక చూసి, "ఎనకాల పిల్లోళ్ళు పళ్ళేలు పట్టుకోని నిలబడిండారు, తొమ్మిదిన్నరకు నేను ఎవురికి అన్నం పెడతా?" అంది. నిజమే. మా దగ్గర రాత్రి భోజనం ఏడు గంటలకు. ఫ్యాక్టరీలో పెట్టిన గడియారం చైనా సమయంలోనే ఉండిపోయింది, మనకంటే రెండున్నర గంటలు ముందు. అబ్బాయి వాచ్‌మన్‌కు చెప్పే 7.10కి బయటికి వెళ్ళాడు. సైకిలు పంక్చరు అంగడిలో భద్రంగా ఉంది.

పెట్టెకు ఇంటర్నెట్ లేదు కనుక గడియారం దానంతట అది సరిదిద్దుకోదు. టైం జోను మన దేశానికి మార్చాం. ప్రతి నెల ఒకటో తేదీన వార్డెన్ గది గోడగడియారంతో సరిచూసి, తేడా ఎంతుంటే అంత రిజిస్టరులో రాస్తున్నాం. ఎప్పుడైనా పోలీసులకు దృశ్యాలు ఇవ్వవలసి వస్తే ఆ పేజీ నకలు కూడా జతచేస్తాం. 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుతో పాటు ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. ఈ నెల తేడా పదకొండు సెకన్లు. రాసింది ఆ తొమ్మిదో తరగతి అబ్బాయే. ఈ ఏడాది విద్యార్థి ప్రతినిధి వాడే.