రక్తనాళములలోని తూములు



మా కోరుట్ల వైపు కాకతీయ కాలువ నీటితో సేద్యము చేయు రైతునకు తూమనగా నేమో వివరింపనక్కఱలేదు. తలుపెత్తిన నీరు దిగును, దించిన నాగును. మన రక్తనాళముల లోపలి పొరయందును అట్టి తూములే కలవు. వానికి అయాను ద్వారములని పేరు.

నాళపు లోగోడను పలుచని కణములు ఒంటి వరుసగా కప్పియుండును. చాలకాలము దీనిని వట్టి నున్నని పూతయనియే తలంచిరి. 1980లో అమెరికాయందు ఫర్చ్‌గాట్ అను శాస్త్రజ్ఞుడు కుందేటి ధమని ముక్కలను పరీక్షించుచు, లోపలి పొర రాచుకొనిపోయిన ముక్క మందు తగిలినను సడలకుండుట కనుగొనెను. పొర నిలిచిన ముక్క సడలెను. సడలుమను ఆజ్ఞ ఆ పూతనుండియే పోవుచున్నదన్నమాట! ఆజ్ఞను మోయునది నైట్రిక్ ఆక్సైడు వాయువని పిమ్మట తేలినది. 1998లో ఆయనకును మఱి యిద్దఱకును నోబెల్ బహుమానము లభించెను.

ఇక తూము మాట. కణము లోపలికంటె వెలుపల కాల్షియము సుమారు 10,000 రెట్లు అధికము; కట్ట వెనుక నిండుచెఱువువలె కాచుకొనియుండును. రక్తప్రవాహము పొరను ఒరసినపుడు పీజో-1 అను ద్వారము ఆ లాగుడునకే తెఱచుకొనును. దీనిని పటపూటియన్ బృందము 2010లో కనుగొన్నది. కాల్షియము లోనికి దిగును, కణము నైట్రిక్ ఆక్సైడును పుట్టించును, చుట్టునున్న కండరము సడలును, నాళము విప్పారును.

మఱియొక ద్వారము కలదు; దానిని తలంచిన తెలుగువాని గుండె పొంగును. ప్రవాహపు ఒరపిడికి ఈ కణములు ఏటీపీ అను పదార్థమును వెలువరించును. అది తాళపుచెవివలె పీ2ఎక్స్4 అను ద్వారమును తెఱచును. ఆ ఏటీపీని 1929లో హార్వర్డునందు ఫిస్కేతో గూడి కండరమునుండి వేఱుచేసినవాడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే యేట జర్మనీలో లోమన్‌యు కనుగొనెను గనుక కీర్తిని పంచుకొనవలసినదే. సుబ్బారావు 1948లో గతించెను. నాళపు పొరలో దాని కీ పని యున్నదని ఆయన యెఱుగడు. 2006లో జపాను శాస్త్రజ్ఞులు ఈ ద్వారము లేని ఎలుకలను పరీక్షింపగా, వాని నాళములు ప్రవాహమునకు తగినట్లు విప్పారలేదు, రక్తపుపోటు హెచ్చియుండెను.

మా ఊర ఎన్నియో యిండ్లలో స్త్రీలు బీడీలు చుట్టి బ్రతుకుచున్నారు. వారి కష్టమును నేను నిందింపను. కాని పొగ త్రాగువాని నాళములలో నైట్రిక్ ఆక్సైడు తఱుగును. తూము తెఱచినను మడికి నీరందదు. నేనును బడి విరామవేళల బీడీ కాల్చినవాడనే. రెండేండ్ల క్రిందట వైద్యుడు నా రక్తపుపోటు చూచి, మాత్రతోపాటు ఉదయపు నడకను విధించెను. నడచునపుడు ప్రవాహము హెచ్చి ఈ తూములు తెఱచుకొనునని తెలిసినది మొదలు ఆ నడక నాకు శిక్షగా తోచుటలేదు. బీడీకట్టను ఆ దినమే విడిచితిని. నడక యిప్పుడు చెఱువుకట్టదాక సాగుచున్నది.