కల్లుగీత (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు)

కల్లుగీత అనగా తాటి, ఈత చెట్లను గీసి వాటి నుండి కల్లు తీసే సాంప్రదాయిక వృత్తి. తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెలలో ఇది తరతరాలుగా కొనసాగుతున్నది. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. అంతకు ముందు ఈ ప్రాంతములో అధిక భాగము వరంగల్లు జిల్లాలో ఉండేది. ఈ వృత్తి చేసేవారిని గీత కార్మికులు అంటారు. వీరిలో ఎక్కువ మంది గౌడ కులస్థులు. స్థానికంగా వీరిని గౌండ్లవారు అని కూడా పిలుస్తారు.

చెట్లు

కల్లుకు ముఖ్యాధారము తాటి చెట్టు, ఈత చెట్టు. పొలము గట్లు, చెరువు కట్టలు, వాగుల ఒడ్లు వీటికి అనువైన చోట్లు. తాటి చెట్టు తొలిసారి పూయడానికి సాధారణంగా పన్నెండు నుండి ఇరవై ఏళ్ళు పడుతుంది. పూత వచ్చిన తరువాతనే అది మగ చెట్టో (పోతుతాడు), ఆడ చెట్టో తెలుస్తుంది. రెండింటి నుండీ కల్లు తీస్తారు. ఈత కల్లు చలికాలములోను, తాటి కల్లు చలికాలము చివరి నుండి వేసవి వరకు ఎక్కువగా లభిస్తాయి. ఒక తరము నాటిన తాటి చెట్టు ఫలితము తరువాతి తరమునకే పూర్తిగా దక్కుతుంది. అందువలన చెట్లు నరికివేయబడిన ఊరిలో ఈ వృత్తిని వెంటనే తిరిగి నిలబెట్టడము సాధ్యము కాదు.

పనిముట్లు, గీసే విధానము

గీత కార్మికుని ముఖ్యమైన పనిముట్లు ఇవి:
* మోకు - నడుమును, చెట్టును కలిపి చుట్టే బలమైన తాడు
* గుజి - ఎక్కేటప్పుడు పాదములకు తగిలించుకునే తాడు
* ముత్తాదు - కత్తులు పెట్టుకొనుటకు నడుముకు కట్టుకునేది
* గీతకత్తి - గెలను పలుచగా చెక్కే పదునైన కత్తి
* లొట్టి - కల్లు పట్టే మట్టికుండ

తాటి చెట్టులో పూగెలను కొన్ని రోజులు నొక్కి మెత్తబరచి, దాని కొనను చెక్కి లొట్టి కడతారు. గాయము ఆరిపోకుండా ప్రతిరోజూ ఉదయము, సాయంత్రము చెట్టెక్కి కొనను మళ్ళీ పలుచగా చెక్కాలి. ఎక్కువ లోతుగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది. తక్కువ కోస్తే రసము కారదు. ఈత చెట్టులో గెలను కాక మొవ్వుకు దిగువన కాండమును గీస్తారు. గీసిన చెట్టుకు మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వకపోతే అది ఎండిపోతుంది.

పులియుట

చెట్టు నుండి కారే తీయని రసమును నీరా అంటారు. ఇందులో సుమారు 10 నుండి 15 శాతము చక్కెర ఉంటుంది. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్టు, బాక్టీరియాల వలన కొన్ని గంటలలోనే ఇది పులిసి కల్లుగా మారుతుంది. కల్లులో ఆల్కహాలు సాధారణంగా 4 నుండి 6 శాతము వరకు ఉంటుంది. ఇంకా నిలువ ఉంచితే పులుపెక్కి సిర్కా అవుతుంది. లొట్టి లోపల సున్నము పూస్తే పులియడము ఆలస్యమవుతుంది.

జపాను దేశపు సాకేతో పోల్చితే ఈ లక్షణము స్పష్టమవుతుంది. సాకేను బియ్యముతో చేస్తారు. బియ్యములో ఉన్నది పిండి పదార్థము కనుక, ముందు కోజి అనే బూజు సహాయముతో దానిని చక్కెరగా మార్చాలి. ఆ పనికి నెలలు, కార్ఖానా, నిలువ పాత్రలు కావాలి. తయారైన సాకే సీసాలలో దూరప్రాంతాలకు పోతుంది. తాటి, ఈత రసములో చక్కెర ముందే ఉన్నది కనుక కల్లుకు కార్ఖానా అవసరము లేదు. కాని అది ఒక్క రోజుకు మించి రుచి నిలుపుకోదు. అందుకే కల్లును తీసిన ఊరిలోనే, తాటివనములలోను, కల్లు మండువాలలోను తాటాకు రేకలతో తాగుతారు. సాకే తయారీ విజ్ఞానమును 2024 డిసెంబరులో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

చరిత్ర

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలములోని ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న స్థావరము. గౌడ కుటుంబములో పుట్టిన పాపన్న మొఘలు పాలకులను ఎదిరించి సైన్యమును కూడగట్టి, 1708లో వరంగల్లుపై, ఆపై భువనగిరిపై దాడి చేశాడు. 1710 ప్రాంతములో పట్టుబడి చంపబడ్డాడు. మొఘలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ అతనిని దోపిడీదారుగా చిత్రించగా, జానపద కథాగానములలో అతడు వీరుడు. ఖిలాషాపూర్‌లో కోట నేటికీ ఉన్నది.

నిజాము కాలములో ఆబ్కారీ రాజ్యమునకు ముఖ్య ఆదాయము. కల్లు అమ్మే హక్కులను వేలములో గుత్తేదారులు దక్కించుకోగా, చెట్టెక్కేవారికి కూలి మాత్రమే మిగిలేది. దొరల గడీలకు ఉచితంగా కల్లు పోయడము వెట్టిచాకిరీలో భాగము. 1946లో కడివెండి వంటి జనగామ ప్రాంతపు గ్రామములలో రగిలిన రైతాంగ పోరాటమునకు ఈ వెట్టియే ఒక ముఖ్య కారణము.

తరువాతి కాలములో గీత కార్మికుల సహకార సంఘములు, ఎవరి చెట్లకు వారే లైసెన్సు పొందే పద్ధతి వచ్చినవి. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన తరువాత చెట్టు పన్ను రద్దయినది.

సంస్కృతి

గౌడలు కాటమయ్యను (కంఠమహేశ్వరస్వామి) వృత్తిదైవముగా, రేణుకా ఎల్లమ్మను కులదేవతగా కొలుస్తారు. పండుగలలో దేవతకు కల్లు శాక పోస్తారు. మహబూబాబాద్, భూపాలపల్లి అటవీ ప్రాంతములలో గిరిజనులకు ఇప్పపువ్వుతో చేసే సారా కూడా ఆచారములలో భాగము.

ప్రమాదములు, సమస్యలు

వానకు తడిసిన చెట్టుపై కాలు జారినా, మోకు తెగినా గీత కార్మికుడు ప్రాణము కోల్పోవచ్చు. బ్రతికినవారిలో వెన్నెముక దెబ్బతిని మంచము పట్టేవారు ఉన్నారు. అప్పుడు కుటుంబమునకు ఆదాయము ఒక్కసారిగా ఆగిపోతుంది. మరణించిన వారి కుటుంబములకు ప్రభుత్వము పరిహారము ఇస్తున్నది. 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచము పేరుతో భద్రతా పరికరముల పంపిణీ ప్రారంభమయినది.

మరొక సమస్య కల్తీ. చెట్ల కల్లు చాలని పట్టణములలో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు అమ్మిన సంఘటనలు ఉన్నాయి. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లిలో కల్తీ కల్లు వలన కొందరు మరణించారు. ఈ మందులకు అలవాటు పడినవారు హఠాత్తుగా మానివేస్తే మూర్ఛలు, మతిభ్రమణము కలుగుతాయి. చెట్లు, ఎక్కేవారు తగ్గినకొద్దీ అసలు కల్లు కొరత పెరిగి, కల్తీకి అవకాశము ఎక్కువవుతుంది. ప్రమాదముల భయముతో యువకులు ఈ వృత్తికి దూరమగుచున్నారు.

ఇవి కూడా చూడండి
* తాటి
* ఈత చెట్టు
* సర్వాయి పాపన్న
* నీరా