నాడిని చూడాలా, ఊపిరిని చూడాలా?

1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండులో న్యూకాసిల్ నగరానికి సమీపాన ఉన్న ఒక గ్రామంలో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలి గోరు తీయించుకోవడానికి కుర్చీలో కూర్చున్నది. వైద్యుడు గుడ్డమీద చెంచాడు క్లోరోఫారం పోసి ముక్కు దగ్గర పట్టాడు. రెండు మూడు నిమిషాలలో ఆమె ప్రాణం పోయింది. ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం మత్తు కలిగిస్తుందని కనుగొని అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. అంతకు ముందు, 1846 అక్టోబరు 16న, అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథరు ఆవిరి పీల్పించి, నొప్పి లేకుండా శస్త్రచికిత్స చేయడం సాధ్యమని లోకానికి చూపించాడు. మత్తుమందు వచ్చి రెండేళ్లు తిరగకుండానే దాని రెండవ ముఖం కూడా బయటపడింది.

ఆ బాలికకు ముందు గుండె ఆగి ఊపిరి పోయిందా? లేక ఊపిరి నిలిచి గుండె ఆగిందా? ఇది కేవలం పండితుల వాదం కాదు. మత్తు ఇచ్చే మనిషి తన దృష్టిని ఎక్కడ నిలపాలి, నాడి మీదనా, ఊపిరి మీదనా, అన్న విషయం దీనిమీద ఆధారపడి ఉన్నది. లండనులో జాన్ స్నో వంటివారు ఆవిరి చిక్కబడితే గుండెకే దెబ్బ తగులుతుందన్నారు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యులు ఊపిరిని కనిపెట్టి చూస్తే చాలునన్నారు. నలభై ఏళ్లు నలిగిన ఈ తగాదా చివరకు హైదరాబాదుకు చేరింది.

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ అప్పట్లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా ఉంటూ అక్కడి వైద్య పాఠశాలను నడిపేవాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించగా, 1888లో మొదటి క్లోరోఫారం కమిషన్ కుక్కలమీద ప్రయోగాలు జరిపింది. మందు ఎక్కువైన ప్రతిసారీ ముందు ఊపిరి నిలుస్తున్నదనీ, గుండె ఆ తరువాతనే ఆగుతున్నదనీ తేల్చింది. లండను వైద్యపత్రిక 'లాన్సెట్' దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వం వేయి పౌన్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుణ్ణి పంపండి అని కోరింది. ఔషధశాస్త్రంలో పేరుపొందిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చాడు. వందలాది జంతువులమీద మళ్లీ ప్రయోగాలు సాగాయి. రక్తపు పోటును యంత్రంమీద గీతలుగా నమోదు చేశారు. గుండెకే ముందు ప్రమాదమని నమ్ముతూ వచ్చిన బ్రంటన్ సైతం ఫలితాలు చూసి లారీ పక్షానికి మారాడు. మన దేశంలో జరిగిన ఒక ప్రయోగమాల ఐరోపా వైద్యులందరి చేతా తల తిప్పించి చూపించుకోవడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు.

ఐనా ఆ తీర్పు సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లులమీద చేసిన ప్రయోగాలలో మిగతా సగం బయటపడింది. క్లోరోఫారం గుండె కండరాన్ని ఉలికిపాటు గుణం గలదానిగా మారుస్తుంది. ఆ స్థితిలో రక్తంలోకి అడ్రినలిన్ వచ్చి పడితే గుండె కొట్టుకోవడం మాని గిలగిలలాడుతుంది. ఒకే మోటకు కట్టిన ఎడ్లు తలోవైపుకూ లాగితే బావిలోని నీరు పైకి రానట్లే, కండరపు పోగులన్నీ వేటికవి అదురుతుంటే రక్తం ముందుకు సాగదు. భయపడినప్పుడు మన శరీరం విడిచేది అడ్రినలిన్‌నే గదా! అందువల్ల ఈ ప్రమాదం మత్తు బాగా ఎక్కినవారికంటే, సగం మత్తులో బెదిరినవారికే ఎక్కువ. హైదరాబాదు ప్రయోగాలలో ప్రధానంగా పరీక్షించినది మందు మితిమీరినప్పుడు ఏమవుతుందన్నది. అక్కడ ఊపిరే ముందు ఆగుతుంది. అడిగిన ప్రశ్నకే ప్రయోగం జవాబు చెబుతుంది, అడగనిదానికి చెప్పదు. అందుకే నేటి మత్తు డాక్టరు నాడిని, ఊపిరిని రెండింటినీ ఎడతెగకుండా చూస్తాడు. క్లోరోఫారం ఆపరేషను గదినుంచి ఎప్పుడో తొలగిపోయింది.

ఇంకొక మాట కూడా ఇక్కడ చెప్పుకోవలసి ఉన్నది. లారీ నడిపిన ఆ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పారసీ వనిత హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరింది. మత్తు వైద్యాన్ని వృత్తిగా చేపట్టిన తొలి మహిళలలో ఆమెను లెక్కిస్తారు.

సైమ్ శిష్యులు ఊపిరిని గురించి చెప్పినది మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు. మనం మెలకువగా ఉన్నప్పుడు దవడ, నాలుక, గొంతు కండరాలు కొంత బిగువుతో ఉంటాయి. మత్తులో ఆ బిగువు సడలుతుంది. వెల్లకిలా పడుకున్న మనిషి నాలుక మొదలు వెనుకకు జారి గొంతును మూసివేస్తుంది. ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. దీనికి మొదటి చికిత్స మందూ కాదు, యంత్రమూ కాదు. తలను వెనుకకు వంచి, గడ్డాన్ని పైకెత్తి, దవడను ముందుకు తోయడం. నాలుక దవడ ఎముకను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక దవడతోపాటు అదీ ముందుకు వస్తుంది, దారి తెరుచుకుంటుంది.

ఊపిరి నిలిస్తే ఎంత వ్యవధి ఉంటుంది? దీనిని విద్యార్థులు చిన్న లెక్కతో అంచనా వేయవచ్చు. మామూలుగా గాలి వదిలిన తరువాత కూడా పెద్దవారి ఊపిరితిత్తులలో సుమారు 2,500 మిల్లీలీటర్ల గాలి మిగిలి ఉంటుంది. అందులో ఆమ్లజని, అంటే ఆక్సిజన్, దాదాపు 14 పాళ్లు. అనగా 350 మిల్లీలీటర్లు. శరీరం నిమిషానికి సుమారు 250 మిల్లీలీటర్లు ఖర్చు చేస్తుంది. కాబట్టి నిలవ ఒకటిన్నర నిమిషానికి మించి రాదు. అదే మత్తు ఇవ్వడానికి ముందు మూడు నిమిషాలు శుద్ధమైన ఆమ్లజని పీల్పిస్తే, నత్రజని బయటకు పోయి ఆ చోటంతా ఆమ్లజని ఆక్రమిస్తుంది. బొగ్గుపులుసు వాయువూ నీటి ఆవిరీ పోగా నిలవ 2,200 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. వ్యవధి ఎనిమిది నిమిషాలకు పైగా అవుతుంది. ఊపిరి దారిని సరిచేయడానికి డాక్టరుకు దొరికే గడువు ఇదే. స్థూలకాయులకూ, గర్భిణులకూ, పసిపిల్లలకూ ఇది చాలా తక్కువ. ఆపరేషను బల్లమీద పడుకున్న వెంటనే ముఖంమీద మాస్కు ఎందుకు పెడతారో దీనినిబట్టి గ్రహించవచ్చు.

పెద్ద శస్త్రచికిత్సలలో దవడ ఎత్తి పట్టుకుంటే సరిపోదు. నోటిగుండా వాయునాళంలోకి గొట్టం దింపుతారు. 1878లో గ్లాస్గో నగరంలో విలియం మాక్‌యువన్ ఈ విధంగా గొట్టం వేసి మత్తు ఇచ్చాడు. 1943లో రాబర్ట్ మాకింటోష్ రూపొందించిన వంపు అలుగు గల లారింగోస్కోపుతో నాలుకను పక్కకు తోసి, స్వరతంతుల మధ్యగా చూస్తూ గొట్టం పంపడం సులువైంది. గొట్టం చివరి చిన్న బుడగలో గాలి నింపితే అది నాళపు గోడలకు అతుక్కుంటుంది. పొట్టలోని పదార్థం ఊపిరితిత్తులలోకి జారకుండా అది కాపాడుతుంది. మెలకువలో పొరపాటున ఒక మెతుకు గొంతుకు అడ్డం పడితేనే దగ్గి బయటకు నెడతాం. మత్తులో ఆ దగ్గు ఉండదు. ఆపరేషనుకు ముందు ఆరు గంటలపాటు అన్నం, పాలు ముట్టవద్దనేది ఇందుకే. మంచినీళ్లు రెండు గంటల ముందువరకు సాధారణంగా తాగనిస్తారు.

గొట్టం వాయునాళంలో పడిందా, పక్కనే ఉన్న అన్నవాహికలో పడిందా? కంటితో చూసినా, చెవితో విన్నా ఒక్కొక్కప్పుడు మోసపోవచ్చు. నమ్మదగిన సాక్షి బొగ్గుపులుసు వాయువు. ప్రతి నిశ్వాసంలోనూ అది ఎడతెగకుండా వస్తుంటే గొట్టం ఊపిరితిత్తుల దారిలోనే ఉన్నది. పొట్టనుంచి కొద్దిగా వచ్చినా నాలుగైదు ఊపిరులకు ఆగిపోతుంది. దీనిని కొలిచే యంత్రమే కాప్నోగ్రాఫు. వేలికి తగిలించే ఆక్సీమీటరు వెనుక సూత్రాన్ని 1970ల తొలి సంవత్సరాలలో జపానుకు చెందిన టకువో అయోయాగి కనుగొన్నాడు. ఆమ్లజని నిండిన రక్తం ఎర్రని కాంతిని తక్కువగా, కంటికి కనపడని పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆమ్లజని లేనిది దీనికి భిన్నం. ఈ తేడానుంచి లెక్క వస్తుంది.

ఇక మత్తు యంత్రం. 1917లో హెన్రీ బాయిల్ తయారుచేసిన నమూనా పేరుతో దీనిని ఇప్పటికీ చాలామంది 'బాయిల్స్ మెషీన్' అనే పిలుస్తారు. సిలిండరు నుంచి వచ్చే వాయువుల పీడనాన్ని తగ్గించి, ప్రవాహాన్ని కొలిచి, మత్తుమందు ఆవిరిని తగుపాళ్లలో కలిపి రోగికి అందించడం దీని పని. రోగి వదిలిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును సోడా సున్నం పీల్చుకుంటుంది. మిగిలిన గాలి మళ్లీ పనికి వస్తుంది. ఒక వాయువు సిలిండరును మరొకదాని చోట తగిలించకుండా ఒక్కొక్క వాయువుకు ఒక్కొక్క చోట మేకులు అమర్చారు. తాళానికి దాని చెవే పట్టినట్లు, నైట్రస్ ఆక్సైడ్ సిలిండరు ఆమ్లజని చోట కూర్చోదు.

మందు బలాన్ని కొలవడానికి ఒక పద్ధతి ఉన్నది. కత్తి గాటు పెట్టినప్పుడు నూటికి యాభైమంది కదలకుండా ఉండడానికి ఊపిరితిత్తులలో ఎంత పాలు ఆవిరి ఉండాలన్నది కొలత. హాలోథేన్‌కు ఇది 0.75 శాతం, సెవోఫ్లూరేన్‌కు సుమారు 2 శాతం. నైట్రస్ ఆక్సైడ్‌కు 104 శాతం! నూటికి నూరుపాళ్లు అదే పీల్పించినా చాలదన్నమాట. పైగా అలా చేస్తే ఆమ్లజనికి చోటే ఉండదు. కనుక దానిని ఒంటరిగా గాక, సహాయకంగా మాత్రమే వాడతారు.

మందు బలం వేరు, వేగం వేరు. ఈథరు రక్తంలో చాలా ఎక్కువగా కరుగుతుంది. సమతుల స్థితిలో గాలిలో ఒక పాలు ఉంటే రక్తంలో పన్నెండు పాళ్లు ఉంటుంది. ఎక్కువ కరిగితే త్వరగా మత్తు ఎక్కాలి గదా అనిపిస్తుంది. జరిగేది అందుకు విరుద్ధం. మెదడుమీద పనిచేసేది మందు మొత్తం కాదు, దాని పాక్షిక పీడనం. దారిలోని మెట్టపొలం కాలువ నీరంతా తాగివేస్తే చివరి మడికి నీరు ఆలస్యంగా చేరుతుంది. అలాగే రక్తం మందును మింగుతున్నంతసేపూ పీడనం పెరగదు. సెవోఫ్లూరేన్‌కు ఆ నిష్పత్తి 0.65 మాత్రమే. అందుకే అది నిమిషాలలో మత్తు ఎక్కించి, నిమిషాలలో దిగుతుంది.

నరానికి ఇచ్చే ప్రొపోఫాల్ పాలవలె తెల్లగా ఉంటుంది. నీటిలో కరగని ఆ మందును సోయా నూనెలో కలిపి, గుడ్డుసొనలోని లెసిథిన్‌తో చిలికినట్లు చేస్తారు. శరీరపు బరువులో మెదడు రెండు పాళ్లే ఐనా గుండె పంపే రక్తంలో ఏడవవంతు దానికే పోతుంది. కనుక అర నిమిషంలో నిద్ర వస్తుంది. కొద్ది నిమిషాలకు మెలకువ వచ్చేది మందు నశించడంవల్ల గాదు. అది మెదడును విడిచి కండరాలలోకి పంపిణీ కావడంవల్ల. అందుచేతనే ఆపరేషను పూర్తి అయ్యేదాకా దానిని ధారగా ఇవ్వడమో, ఆవిరి మందుకు మారడమో చేస్తారు.

నిద్రతో పని తీరదు. నొప్పికి ఫెంటనిల్ వంటి మందు వేరే కావాలి. పొట్ట కండరాలు సడలడానికి మూడవ మందు కావాలి. 1942లో మాంట్రియల్ నగరంలో హెరాల్డ్ గ్రిఫిత్, దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే క్యురారేను దీనికోసం వాడాడు. ఇది నాడికీ కండరానికీ మధ్య సందేశాన్ని ఆపుతుంది, ఊపిరి కండరాలను కూడా విడిచిపెట్టదు. కాబట్టి ఈ మందు ఇచ్చిన క్షణంనుంచి రోగి ఊపిరి భారం పూర్తిగా మత్తు డాక్టరుదే. ఇది నిద్రా కలిగించదు, నొప్పీ తగ్గించదు. నిద్రమందు చాలకపోతే మెలకువ ఉన్న మనిషి వేలైనా కదపలేక పడి ఉంటాడు. మూడు మందులనూ వేరువేరుగా తూచి ఇవ్వవలసిన అవసరం అక్కడే ఉన్నది. ఆపరేషను ముగిశాక నియోస్టిగ్మిన్ వంటి విరుగుడు ఇచ్చి, కండరాలకు బలం తిరిగి వచ్చిందని నాడిని విద్యుత్తుతో తట్టి చూసి, రోగి తనంతట తాను ఊపిరి తీస్తూ, పిలిస్తే కళ్లు తెరిచిన తరువాతనే గొంతులోని గొట్టాన్ని బయటకు తీస్తారు.