చిప్ లోగుట్టు చూపే తెరపై పాఠాలు

చిప్‌ల రంగంలో దేశం తన కాళ్లపై తాను నిలబడాలన్న సంకల్పంతో కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో 76,000 కోట్ల రూపాయల కార్యక్రమాన్ని ఆమోదించింది. చిప్‌ల రూపకల్పనలో 85,000 మంది ఇంజనీర్లకు శిక్షణనిచ్చేందుకు 2022లో ‘చిప్స్ టు స్టార్టప్’ పథకాన్ని చేపట్టింది. కాగా, ఈ లక్ష్యాల భవితవ్యం తేలేది ఇంజనీరింగ్ కళాశాలల తరగతి గదుల్లోనే. ప్రాసెసర్ లోపల ఏమి జరుగుతున్నదో తెలియని విద్యార్థి కొత్త ప్రాసెసర్‌ను ఊహించజాలడు.

కంప్యూటర్ ఆర్కిటెక్చర్ బోధనలో చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో గడియారం సెకనుకు వంద కోట్లసార్లు కొట్టుకుంటుంది. ఆ వేగం కంటికి అందదు. నల్లబల్లపై గీసిన బొమ్మ కదలదు. ఫలితంగా విద్యార్థి బొమ్మను కంఠస్థం చేసి పరీక్షలో దింపి వస్తున్నాడు. ఇంటెల్ సంస్థ 1976లో విడుదల చేసిన 8085 ప్రాసెసర్‌తో కూడిన కిట్లపై తరతరాల విద్యార్థులు ప్రయోగాలు చేశారు. అక్కడ తుది ఫలితం అంకెల్లో కనిపిస్తుందే తప్ప, అది నడిచి వచ్చిన దారి కనిపించదు.

ఆ దారిని చూపేవే సిమ్యులేటర్లు. ఉచితంగా లభించే ‘రైప్స్’ వీటిలో ఒకటి. ఆదేశాన్ని తెచ్చుకోవడం, విడమరచడం, లెక్క కట్టడం, మెమరీని సంప్రదించడం, ఫలితాన్ని భద్రపరచడం అనే ఐదు అంచెల ప్రాసెసర్‌ను ఇది తెరపై నడిపిస్తుంది. మెమరీ నుంచి వచ్చే అంకె వెంటనే తరువాతి ఆదేశానికి అవసరమైతే, ఆ ఆదేశం ఒక అడుగు ఆగవలసి వస్తుంది. విద్యార్థి ఆ రెండింటి మధ్య సంబంధం లేని మరో ఆదేశాన్ని చేర్చితే ఆ విరామం మాయమవుతుంది. పట్టికలోని అంకెలను అడ్డవరుసల్లో చదివితే ఒక వేగం, నిలువు వరుసల్లో చదివితే మరొక వేగం ఎందుకు వస్తుందో క్యాష్ మెమరీ చిత్రం తేటతెల్లం చేస్తుంది.

మన దేశంలోనూ ఈ దిశగా కృషి జరిగింది. 2009లో ఆరంభమైన జాతీయ సమాచార సాంకేతిక విద్యా మిషన్ కింద ‘వర్చువల్ ల్యాబ్స్’ రూపొందాయి. ఐ.ఐ.టి. ఢిల్లీ సమన్వయం చేసే ఈ ప్రాజెక్టులో హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ కూడా భాగస్వామి. ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ రూపొందించిన ప్రయోగశాలలో కూడిక సర్క్యూట్ల నుంచి క్యాష్ మెమరీ వరకు విద్యార్థి స్వయంగా అమర్చి పరీక్షించవచ్చు.

ఈ పాఠాలు కేవలం పరీక్షల కోసం కాదు. ‘రైప్స్’ ఆధారపడిన రిస్క్-ఫైవ్ ఆదేశావళి 2010లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. దానికి లైసెన్స్ రుసుము లేదు. ఐ.ఐ.టి. మద్రాసు ‘శక్తి’, సీ-డాక్ ‘వేగ’ ప్రాసెసర్లకు ఆధారం అదే. తెరపై నేర్చిన ఆదేశాలే రేపు స్వదేశీ చిప్‌పైనా పనికివస్తాయన్నమాట.

అయితే బొమ్మ కదిలినంత మాత్రాన పాఠం వంటబట్టదు. అల్గారిథమ్‌ల దృశ్యబోధనపై జరిగిన 24 ప్రయోగాలను అమెరికా పరిశోధకులు 2002లో సమీక్షించారు. విద్యార్థి ఏమి చూశాడన్నదానికంటే, చూస్తూ ఏమి చేశాడన్నదే ముఖ్యమని వారు తేల్చారు. తరువాతి అడుగులో ఏ రిజిస్టర్‌లో ఏ అంకె ఉంటుందో ముందే చెప్పమని అధ్యాపకుడు అడగాలి. ఆ తరువాతే మీట నొక్కాలి. అసలు చిప్‌లోని వేడిమి, విద్యుత్ వినియోగం ఇటువంటి బోధనా పరికరాల్లో కనిపించవు కనుక, ప్రయోగశాలలో నిజమైన బోర్డులకూ చోటుండాలి.

అన్నిటికంటే ముందు ప్రశ్నపత్రం మారవలసి ఉన్నది. బొమ్మ గీయమని మాత్రమే అడిగినంత కాలం విద్యార్థి బొమ్మనే బట్టీ పడతాడు. ప్రాసెసర్ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని అడిగిననాడు సిమ్యులేటర్ తెరవక తప్పదు. ఇందుకు కావలసినది కోట్ల రూపాయలు కాదు. ఒక సాధారణ కంప్యూటరు, శ్రద్ధగల అధ్యాపకుడు.