శ్రామికుని ఆరోగ్యం – సంస్థ సౌభాగ్యం

'ఆరోగ్యమే మహాభాగ్యం' అన్న నానుడి తెలియనివారు ఉండరు. అయితే ఈ మాటను సాధారణంగా వ్యక్తికి మాత్రమే అన్వయించుకుంటాం. నిజానికి ఇది కర్మాగారానికీ, కార్యాలయానికీ సమానంగా వర్తిస్తుంది. భవనాలు, యంత్రాలు, ధనం ఎంత సమృద్ధిగా ఉన్నా, వాటిని నడిపించే మనిషి కుంగిపోతే సంస్థ కూడా కుంగిపోతుంది. యంత్రానికి వేళ తప్పకుండా కందెన వేయించే యజమాని, ఆ యంత్రాన్ని నడిపే మనిషి దగ్గును వినిపించుకోకపోవడం లోకంలో తరచు కనిపించే విచిత్రం.

ఉద్యోగుల ఆరోగ్యాన్ని ఉపేక్షించడం వల్ల సంస్థకు కలిగే నష్టం రెండు విధాలు. మొదటిది కంటికి కనిపించేది. సెలవులు, చికిత్స ఖర్చులు, నష్టపరిహారాలు ఈ కోవకు చెందుతాయి. రెండవది కంటికి కనిపించనిది. జబ్బుతోనే పనికి వచ్చిన మనిషి పని మందగిస్తుంది, పొరపాట్లు పెరుగుతాయి, ప్రమాదాలు పొంచి ఉంటాయి. అనుభవజ్ఞుడు ఉద్యోగం విడిచిపోతే అతని నైపుణ్యమూ అతనితోనే వెళ్లిపోతుంది. కొత్తవారికి శిక్షణ ఇవ్వడానికి మళ్లీ కాలమూ, ధనమూ వెచ్చించాలి. ఈ రెండవ నష్టానికి జమాఖర్చుల పుస్తకంలో ప్రత్యేకమైన పద్దు ఉండదు. అందుకే అది యజమానుల దృష్టికి రాదు. మానసిక కుంగుబాటు, ఆందోళనల వల్లనే ప్రపంచంలో ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు వృథా అవుతున్నాయనీ, ఆ నష్టం విలువ దాదాపు లక్ష కోట్ల డాలర్లనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

వృత్తికీ, వ్యాధికీ గల సంబంధం కొత్తగా కనుగొన్నది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జిని 1700లోనే శ్రామికుల వ్యాధులపై ఒక గ్రంథాన్ని ప్రకటించాడు. రోగిని పరీక్షించే వైద్యుడు అతని వృత్తి ఏమిటో తప్పక అడగాలని బోధించాడు. ఆ ప్రశ్నను పెడచెవిన పెట్టిన సంస్థకు ఎటువంటి గతి పడుతుందో అమెరికాలోని జాన్స్‌ మాన్‌విల్ కంపెనీ చరిత్ర చాటిచెబుతుంది.

ఆ కంపెనీ ఆస్‌బెస్టాస్, అనగా రాతినారతో వస్తువులు తయారుచేసేది. రాతినార నిప్పుకు కాలదు. కాని దాని సూక్ష్మమైన పోగులు ఊపిరితో లోపలికి చేరి, ఊపిరితిత్తులను గట్టిపరుస్తాయి, క్యాన్సర్‌ను కలిగిస్తాయి. వ్యాధి బయటపడడానికి ఇరవై, ముప్పై ఏళ్లు కూడా పట్టవచ్చు. ఈ జాప్యమే యజమానులకు మౌనం వహించే అవకాశం ఇచ్చింది. 1949లో కంపెనీ వైద్యుడు ఒకరు కార్మికుల ఎక్స్‌రే చిత్రాలలో మార్పులను గుర్తించి కూడా, వారు పనిచేయగలిగినంత కాలం ఆ సంగతి వారికి చెప్పనవసరం లేదని సూచించాడు. దాచిన నిజం దశాబ్దాల తరువాత న్యాయస్థానాలకు ఎక్కింది. వేలకొలది దావాలు వచ్చిపడ్డాయి. అమెరికాలోని అగ్రశ్రేణి సంస్థలలో ఒకటిగా వెలుగొందిన ఆ కంపెనీ 1982 ఆగస్టులో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. 1988లో బాధితుల పరిహారం కోసం ఒక నిధి ఏర్పడింది. అయితే ఏ నిధీ పోయిన ప్రాణాలను తిరిగి తేలేదు.

దీనికి భిన్నమైన నిదర్శనమూ చరిత్రలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, బ్రిటన్ ప్రభుత్వం ఆయుధ కర్మాగారాల కార్మికుల ఆరోగ్యాన్ని పరిశీలించడానికి ఒక సంఘాన్ని నియమించింది. వారానికి డెబ్బై గంటలకు పైగా పనిచేయించిన చోట్ల పనిగంటలను తగ్గించగా, ఉత్పత్తి తగ్గకపోగా పెరిగిన సందర్భాలను ఆ పరిశీలనలు వెల్లడించాయి. విశ్రాంతి సోమరితనం కాదనీ, అది శక్తికి మూలమనీ దీనివల్ల రుజువైంది.

మన దేశంలో 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. యజమాని, ఉద్యోగి ఇద్దరూ చందా చెల్లించి చికిత్సకు భద్రత కల్పించుకోవడం ఇందలి సూత్రం. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో ఈ పథకాన్ని ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు రాతినారను తవ్వేవారు కనుక, ఆ వ్యాధి తెలుగునేలకూ పరాయిది కాదు. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల విషయంలో చారిత్రకమైన తీర్పు వెలువరిస్తూ, శ్రామికుని ఆరోగ్యం రాజ్యాంగం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమని స్పష్టం చేసింది. ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను దీర్ఘకాలం భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది.

గాలి, వెలుతురు, స్వచ్ఛమైన నీరు, ముఖానికి తగిన రక్షణ కవచం, వేళకు వైద్యపరీక్ష, తగిన విశ్రాంతి – వీటికయ్యే వ్యయం స్వల్పం. వీటిని నిరాకరించినందుకు చెల్లించవలసిన మూల్యం అపారం. ఆ మూల్యాన్ని యజమాని ధనరూపంలో చెల్లిస్తే, శ్రామికుడు ప్రాణరూపంలో చెల్లిస్తాడు. రేపు ఉద్యోగులుగానో, యజమానులుగానో జీవితంలో అడుగుపెట్టబోయే నేటి విద్యార్థులు ఈ తేడాను మరవరాదు. లాభనష్టాల లెక్క ఒక్కటే ఆరోగ్యాన్ని కాపాడడానికి కారణం కాకూడదు. అయినా ఆ లెక్క కూడా ఆరోగ్యం వైపే నిలుస్తున్నదని గ్రహించడం వివేకం.