లయ తప్పే గుండెకు ఒక్కసారే మందు!

ఆటల పీరియడ్‌లో పరుగెత్తుతూ పరుగెత్తుతూ పిల్లాడు కుప్పకూలిపోతాడు. ‘వడదెబ్బేమో’ అంటారొకరు. ‘పొద్దున ఏమీ తిన్నట్టు లేడు’ అంటారింకొకరు. కాసేపటికి వాడే లేచి కూర్చుంటాడు. ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయిస్తే... అంతా మామూలే! స్కానింగ్‌లోనూ గుండె భేషుగ్గా ఉంటుంది. దాంతో కొందరికి ఫిట్స్ అనుకుని ఏళ్ల తరబడి ఆ మందులే వాడేస్తుంటారు.

అసలు జబ్బు సీపీవీటీ. పూర్తిపేరు పలకాలంటే డాక్టర్లకే నోరు తిరగదు. వంశపారంపర్యంగా వచ్చే ఈ సమస్య పదివేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. కుదురుగా కూర్చున్నంతసేపూ గుండె చక్కగానే కొట్టుకుంటుంది. పరుగు, ఈత, భయం, కోపం... ఒంట్లో అడ్రినలిన్ పెరిగిందంటే మాత్రం లయ తప్పుతుంది. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూస్తే తప్ప ఇది సాధారణంగా బయటపడదు.

ఎందుకిలా? గుండె కణంలో కాల్షియం నిల్వ ఉండే అరను చెరువు అనుకుందాం. తూము తెరుచుకుని కాల్షియం బయటికొస్తే కండరం ముడుచుకుంటుంది. తిరిగి లోపలికి చేరితే వదులవుతుంది. ఆ తూమును తయారుచేసే జన్యువు ఆర్‌వైఆర్2. కాల్షియాన్ని పట్టి ఉంచి, తూమును అదుపులో పెట్టే ప్రొటీన్‌ది సీఏఎస్‌క్యూ2. ఏది చెడినా తూము కారుతుంది. ఈ రెండు జన్యువుల పాత్రా 2001లోనే తేలింది.

బీటా బ్లాకర్ మాత్రలు, ఫ్లెకనైడ్, అవసరమైతే ఛాతీలో అమర్చే ఐసీడీ... ఇప్పటిదాకా ముఖ్యమైన దారులివే. ఐసీడీతో మరో చిక్కు. అదిచ్చే షాక్‌కి రోగి హడలిపోతే మళ్లీ అడ్రినలిన్ పెరుగుతుంది, మళ్లీ లయ తప్పుతుంది, మళ్లీ షాక్!

ఇటలీలోని పావియాలో సిల్వియా ప్రియోరి, కార్లో నాపొలిటానోల బృందం మూలానికే మందు వెతికింది. జబ్బు కలిగించని ఏఏవీ అనే వైరస్‌లోంచి దాని సొంత జన్యువులు తీసేసి, బదులుగా మంచి సీఏఎస్‌క్యూ2ని పెట్టి చిట్టెలుకలకు ఇచ్చింది. పుట్టినప్పుడు ఇచ్చిన ఒక్క డోసు వాటిని పెద్దవయసుదాకా కాపాడిందని 2014లో ప్రకటించింది. అదే జన్యువుతో అమెరికాలోని సాలిడ్ బయోసైన్సెస్ సంస్థ తయారుచేసిన ఎస్‌జీటీ-501ని మనుషుల్లో పరీక్షించేందుకు 2025 జులైలో ఎఫ్‌డీఏ పచ్చజెండా ఊపింది. నరం ద్వారా ఒకేసారి ఎక్కించే మందు ఇది.

ఆ ‘ఒకేసారి’లోనే ఉంది మెలిక. వైరస్ ఒంట్లోకి వెళ్లగానే దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. దాంతో రెండోసారి ఇచ్చినా మందు పనిచేయడం కష్టం. తొలిదశ పరీక్షలు ప్రధానంగా భద్రతను చూసేందుకే. అంటే, ముందుకొచ్చినవారికి మేలు జరగకపోవచ్చు. రేపు అంతకన్నా మంచిది వచ్చినా వాళ్లకి అందకపోవచ్చు. ప్రమాదమూ లేకపోలేదు. డానన్ అనే మరో గుండెజబ్బుకి ఏఏవీతోనే చేస్తున్న పరీక్షలో ఒకరు చనిపోవడంతో 2025 మేలో ఎఫ్‌డీఏ దాన్ని కొంతకాలం ఆపేసింది.

మాత్రలతో నెట్టుకొస్తున్న మనిషి ఇప్పుడే చేయి చాచాలా, ఆగాలా? ఆగితే మాత్రం రోజూ మాత్ర మరవకూడదు. తోబుట్టువులకీ ట్రెడ్‌మిల్, జన్యుపరీక్షలు చేయించాలి.