గట్టులో నొదిగిన పొయ్యి

వంటయిల్లు పునర్నిర్మింప దలచిన గృహస్థులలో పెక్కురు మొట్టమొదట గ్రానైటు రంగును, పిమ్మట కబోర్డుల తలుపులకు వేయించు లామినేటును నిర్ణయించుకొని, మేస్త్రీకిని కార్పెంటరుకును బయానా లిచ్చి, పని ముగియవచ్చిన తరుణమున దుకాణమునకు పోయి, అక్కడ కంటికి నచ్చిన పొయ్యిని కొని తెచ్చుచుందురు. ఈ క్రమము తలక్రిందులైనది. పొయ్యి ఏదో తేలనిదే దాని క్రింది కబోర్డు వెడల్పు తేలదు. కబోర్డులు మట్టముగా నిలువనిదే వానిపై పరచవలసిన రాతి కొలత తేలదు. రాయి యొకమారు కోయబడిన పిదప దానిని పూర్వస్థితికి తెచ్చుట ఎంతటి పనివానికిని సాధ్యము కాదు. కొయ్యను చెక్కి సరిచేయవచ్చును, రేకును వంచవచ్చును; రాతి విషయమున అరయంగుళము పొరపాటు సైతము ఆ యిల్లున్నంతకాలము కంటబడుచునే యుండును. పొయ్యి ముందు, కబోర్డు తరువాత, రాతికోత చిట్టచివర అను వరుసను పాటించినవారికి ఈ పనిలో ముప్పాతిక చిక్కులు పుట్టనే పుట్టవు.

మన పెద్దలు పీట వేసుకొని కూర్చుండి మట్టిపొయ్యిపై వండిన కాలమున ఈ ప్రశ్నకే తావు లేదు. గ్యాసుపొయ్యి వచ్చి, నిలిచి వండుట అలవడిన పిమ్మటనే నడుమెత్తు గట్టు మన యిండ్లలో సర్వసాధారణమైనది. వంటగదిని ఒక్క ప్రణాళికగా, అడుగులు లెక్కించి, అరలు కొలిచి కట్టవలెనను భావమునకు మాత్రము ఐరోపాలో అంతకు పూర్వమే రూపమేర్పడినది. 1926లో మార్గరెటె ష్యుటె-లిహోట్‌స్కీ అను ఆస్ట్రియా దేశపు మహిళ ఫ్రాంక్‌ఫర్టు నగరపు నూతన గృహములకై రమారమి 1.9 మీటర్ల వెడల్పును 3.4 మీటర్ల పొడవును గల చిన్న వంటగదిని కల్పించినది. నేడు మన పట్టణములలో మాడ్యులర్ కిచెన్ అని పిలువబడునది దాని సంతతియే. ఆ సంతతిలో తుదకు పుట్టినది, పొయ్యి గట్టుపై గాక గట్టులోనే యుండవలెనను కోరిక.

ఇట్లు ఒదిగించుటకు రెండు విధానములు గలవు. డాలసు, న్యూజెర్సీ మొదలగు చోట్ల స్థిరపడిన మన తెలుగువారు వంటగది మార్పించుకొనునప్పుడు రేంజిటాపు అను దానిని గూర్చి వినుచుందురు. దాని మీటలు పైన గాక ముందు ముఖమున నుండును. కావున రాయి మధ్యలో కన్నము చేసినంత మాత్రమున చాలదు, ముందంచు నుండి వెనుకకు పూర్తిగా తెగి, గట్టు రెండు ముక్కలు కావలెను. అక్కడి కబోర్డు 24 అంగుళముల లోతును 34½ అంగుళముల ఎత్తును గలది. దానిపై రాయి పరచినచో నేలనుండి 36 అంగుళములగును. రేంజిటాపు దేహము 7, 8 అంగుళముల దళసరి గలది కనుక, దాని క్రింది కబోర్డును ఆ మేరకు పొట్టిగా చేయింపవలెను. సాధారణమైన కబోర్డు కొని తెచ్చి పైభాగమును కోసివేసిన, దాని ముందుచట్రము బలము కోల్పోవును. 36 అంగుళముల వెడల్పు గల యంత్రము తరచు నూరు పౌనులకు పైబడి తూగును. ఈ భారమంతయు రాతిపై గాక కబోర్డు ప్రక్కపలకలపై నిలువవలెను. ఇరుప్రక్కల రాతిముక్కలు ఒకే మట్టమున లేకున్న, వాని నడుమ నిలిచిన ఉక్కుముఖమే ఆ వంకరను లోకమునకు చాటును. అక్కడి రాతిపనివారు కబోర్డులు బిగించిన పిదపనే అచ్చు తీసుకొనుటకు వత్తురు; యంత్రము ఆ వేళకు ఇంటిలో నుండుట మేలు, కాగితముపై కొలతలు మాత్రమే యున్న, వానిని ఇద్దరు వేర్వేరుగా చదువుకొను ప్రమాదము గలదు.

మన దేశమున ప్రచారములోనున్నది రెండవ విధానము. హాబ్ అను ఈ పొయ్యి పైన గాజుపలక, క్రింద రేకుపెట్టె. రాతిలో చేసిన కన్నములోనికి పెట్టె దిగి, గాజుపలక అంచులు రాతిపై ఆనుకొని యుండును. చీమకుర్తి నల్లరాయి యైనను, కరీంనగరపు గోధుమవన్నె రాయి యైనను పలక దళసరి సామాన్యముగా 16 నుండి 20 మిల్లీమీటర్లు. గట్టు లోతు 24 అంగుళములు. 60 సెంటీమీటర్ల హాబునకు కన్నము 56 సెంటీమీటర్లకు అటునిటుగా నుండుట వాడుకయే గాని, తయారీదారు పెట్టెలో నుంచు కాగితపు అచ్చు తప్ప మరి దేనిని ప్రమాణముగా గొనరాదు. ఒకే సంస్థవారి రెండు నమూనాలకే కొలతలు భిన్నములుగా నుండును.

రాయి ఎక్కడ పగులునో తెలిసికొన్నవానికి ఎట్లు కోయవలెనో తెలియును. కన్నమునకు ముందు మిగులు సన్నని పట్టీయే గట్టున కెల్ల బలహీనస్థానము. కోతమూలలు లంబకోణముగా నున్నచో ఒత్తిడియంతయు ఆ మూలబిందువున కేంద్రీకృతమై, అక్కడనుండి వెండ్రుకవాసి పగులు బయలుదేరి ముందంచునకు పాకును. అందుచే నేర్పుగల పనివాడు మొదట నాలుగు మూలల గుండ్రని రంధ్రములు తొలిచి, పిమ్మట వానిని కలుపుచు నీరు పోయుచు డైమండు బ్లేడుతో కోయును. తొందరగలవాడు రెండు గీతలను మూలవద్ద ఒకదాని నొకటి దాటించి కోసి, తాను వెడలిన ఆరు మాసములకు పగులు కనబడునట్లు చేయును. ముందుపట్టీ కనీసము రెండు మూడంగుళములుండునట్లును, దాని క్రింద కొయ్యచట్రము గాని ఇనుపపట్టీ గాని ఆధారముగా నుండునట్లును చూచుకొనవలెను. వెనుకవైపు గోడకు మరీ దగ్గరగా జరిపినను చిక్కే. మన యిండ్లలో పదిమందికి అన్నము వార్చు గిన్నెలు, పులుసు కాచు వెడల్పాటి పాత్రలు వెనుక బర్నరుపై కుదురుగా కూర్చుండవు.

పాత యిండ్లలో వేరొక విఘ్నము గలదు. అక్కడి గట్టు కేవలము గ్రానైటు కాదు. నిలువు కడపబండలపై మరియొక కడపబండ పరచి, దానిపై గ్రానైటు అతికింపబడి యుండును, లేదా ఇనుపకడ్డీలు వేసిన కాంక్రీటు పలకయే యుండును. బండ యైన రెండు పొరలను కోయవచ్చును. కాంక్రీటు పలకను కడ్డీలతో సహా నడుమ కోయుట అవివేకము. ఆ భాగమును పూర్తిగా తొలగించి కబోర్డులపై నూతనముగా రాయి పరచుకొనుటయే ఉచితము. ఈ వ్యయమును అంచనాలో ముందే వ్రాయని కాంట్రాక్టరు తరువాత తప్పక వ్రాయును.

కన్నము సిద్ధమైన పిదప గాజుపలక క్రింద అంచు వెంబడి మెత్తని నురుగుపట్టీని అంటింతురు. పొంగిన గంజి లోనికి జారకుండ ఆపుటయు, రాతి మిట్టపల్లములను గాజునకు తగులనీయకుండుటయు దాని కార్యములు. దానికి బదులు సిలికాను పూసి శాశ్వతముగా అతికించు పనివారు గలరు. వారిని వారింపవలెను, ఏలయన మరమ్మతునకై హాబును పైకెత్తవలసిన దినము వచ్చి తీరును, ఆనాడు గాజు పగులును. రాయి అసలే మట్టముగా లేకున్న పట్టీయు రక్షింపలేదు; గాజు ఒక మూల ఆనక, బరువైన కుక్కరు దించిన ప్రతిమారు ఊగుచు తుదకు విరుగును.

కంటికి కనబడని భాగమే అన్నింటికంటె ముఖ్యమైనది. పొయ్యి క్రింద సొరుగు కోరువారు, రేకుపెట్టెయు గొట్టములును 4, 5 అంగుళముల స్థలము నాక్రమించునని ఎరిగి, మొదటి సొరుగును దిగువకు దింపి, నడుమ విడదీయగల పలకను అమర్చుకొనవలెను. పెక్కు హాబుల బర్నర్లు మండుటకు వలయు గాలిలో కొంత క్రిందినుండియే పీల్చుకొనును. కబోర్డును గాలిచొరకుండ మూసినచో నీలిమంట పసుపెక్కి గిన్నెలకు మసి పట్టును. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక కబోర్డు అడుగున మడుగుకట్టి నిలుచును. కనుక సిలిండరు ఉంచిన అరకు నేలవద్దను పైభాగమునను రంధ్రము లుండి తీరవలెను. వాని నందము చెడునని మూయించువారు తమ ప్రాణములతో బేరమాడుచున్నారు. సిలిండరు ఎల్లప్పుడు నిలువుగను, పొయ్యి దానికంటె ఎత్తునను ఉండవలెను. రబ్బరుగొట్టము గోడలోనుండి గాని, కంటికానని సందులోనుండి గాని పోరాదు. అయిదేండ్ల కొకమారు మార్పవలెను. హైదరాబాదు, విజయవాడలలో గొట్టములద్వారా వచ్చు సహజవాయువు గాలికంటె తేలికైనది. దానికి జెట్లు వేరు, సిలిండరు గ్యాసునకు చేసిన హాబును మెకానికు మార్చనిదే తగిలింపరాదు.

చిమ్నీ హాబునకు సరిగా నడిమీద, 65 నుండి 75 సెంటీమీటర్ల ఎత్తున నుండుట ఆనవాయితీ. దీనినిబట్టి కన్నము స్థానము నిర్ణయింపవలెనే గాని, ఎక్కడనో కోసి చిమ్నీని ప్రక్కకు జరుపరాదు. పొయ్యిక్రింది కబోర్డుకు నీటిని తట్టుకొను 710 గుర్తుగల ప్లయివుడ్డు మంచిది.

ఇంతయు చదివిన పిదప, ఇది అందరికిని అవసరమా యని అడుగువారికి నేను కాదనియే చెప్పుదును. అద్దెయింటివారును, ఏటేట ఊళ్లు మారు ఉద్యోగులును, పెద్దపాత్రలలో వండు ఉమ్మడికుటుంబములవారును గట్టు కోయించుకొనక, రెండు బర్నర్ల మామూలు పొయ్యిని రాతిపై నుంచుకొనుటయే మేలు. దానిని ఎత్తి తుడువవచ్చును, చెడినచో మరునాడే మార్పవచ్చును. సొంతయిల్లు గలిగి, పొయ్యిని ముందుగా కొని యింట నుంచుకొని, మేస్త్రీ కోయునప్పుడు ప్రక్కన నిలువగల తీరిక యున్నవారు మాత్రము హాబు పెట్టించుకొనవచ్చును; అమర్చిన నాడు కీళ్లకు సబ్బునీరు రాసి బుడగలు రావని చూచిన పిదపనే మెకానికును పంపవలెను, సిలిండరు గ్యాసు కారుట కనబడినచో ఏ వేళనైనను పిలువదగిన 1906 అను సంఖ్యను కబోర్డు తలుపు లోపలివైపున వ్రాసి యుంచుకొనవలెను.